ముందు గద్దను చూడండి

ఆకాశంలో తెలియని పక్షి కనిపిస్తే గుర్తుపట్టడం ఎలా అని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఒకటే. తెలిసిన పక్షిని చూడండి. హైదరాబాద్‌లో అయితే గద్దను చూడండి. రోజూ నెత్తిమీద తిరిగే, ఎవరూ తలెత్తి చూడని మామూలు నల్ల గద్దను. ఈ మాట వినగానే చాలామందికి నేను ప్రశ్నను దాటేస్తున్నానని అనిపిస్తుంది. వాళ్ళకు కావాల్సింది ఆ కొత్త పక్షి పేరు. కానీ ఎగిరే పక్షి విషయంలో పేరు దగ్గరకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. ఎందుకో వివరంగా చెప్తాను.

ఇప్పుడు మన పార్కుల్లో జరుగుతున్నది ఇది. నడుస్తున్న మనిషికి పైన ఏదో పెద్ద పక్షి కనిపిస్తుంది. వెంటనే ఫోన్ తీసి, జూమ్ చేసి, నాలుగు ఫొటోలు కొడతారు. వాటిలో లేత నీలం మీద ఒక నల్లటి మరక ఉంటుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఐడీ ప్లీజ్" అని రాస్తారు. కాసేపట్లో ఒకరు ఒక పేరు చెప్తారు, ఇంకొకరు ఇంకో పేరు చెప్తారు, అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే తేలుస్తారు. థాంక్స్, ఒక దండం, అక్కడితో అయిపోతుంది. అది ఎలా ఎగిరింది, రెక్కలు ఎలా కొట్టింది, తోకతో ఏం చేసింది అని అడిగితే చూసిన మనిషి దగ్గర జవాబు ఉండదు. పై వారం అదే పక్షి అదే చోటికి వస్తే మళ్ళీ అదే ప్రశ్న. నాకు బాధ కలిగించేది ఇదే. వీళ్ళు ఆసక్తి ఉన్న మనుషులు. అందరూ కాళ్ళ కిందికి చూస్తూ నడిచే చోట తలెత్తిన మనుషులు. పక్షి కళ్ళముందు ఉన్న ఆ కొద్దిసేపునూ స్క్రీన్‌కు ఇచ్చేస్తున్నారు.

నేను ఎక్కువగా చూసేది కేబీఆర్ పార్కు మీది ఆకాశం. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువగా మిగిలిన అడవి ముక్క అది. అందరూ పార్కు అనే పిలుస్తారు గానీ చట్టప్రకారం జాతీయ ఉద్యానవనం. లోపల నెమళ్ళు, గ్రానైట్ బండలు, చిరాన్ ప్యాలెస్. చుట్టూ ఎడతెగని ట్రాఫిక్. పొద్దెక్కేసరికి ఆ బండలూ చుట్టుపక్కల కాంక్రీటూ వేడెక్కి గాలి పైకి లేస్తుంది. రెక్కలు ఆడించకుండా ఎత్తుకు చేరాలనుకునే పక్షులన్నీ అలా లేచే గాలిని వెతుక్కుంటాయి. చలికాలంలో తొమ్మిది, పది గంటల మధ్య ముందు ఒక గద్ద వస్తుంది, తర్వాత మూడు నాలుగు, ఇంకాసేపటికి ఓ గుంపు ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయే వేళ అది. కొత్త పక్షి కనిపించేదీ ఎక్కువగా అప్పుడే. ఎక్కడినుంచో వచ్చిన పక్షికి గాలి ఎక్కడ లేస్తోందో తెలిపే గుర్తు ఆ గద్దల గుంపే మరి.

గద్దలో అంత చూడాల్సింది ఏముంది? మొదట తోక. గద్ద తోక చివర చీలి ఉంటుందని అందరూ చెప్తారు. నిజమే, కానీ ఆ చీలిక ఎప్పుడూ కనిపించదు. సుడి తిరుగుతూ తోకను పూర్తిగా విప్పినప్పుడు చీలిక మాయమై అంచు తిన్నగా కనిపిస్తుంది. పిల్ల గద్దలకు చీలిక లోతు తక్కువ. పాత ఈకలు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో తోక ఒక పక్క బోసిగా ఉంటుంది. చీలిక ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ళకు నెలకోసారి ఏదో ఒక అరుదైన పక్షి కనిపిస్తూనే ఉంటుంది. చీలిక కన్నా నమ్మదగింది తోక కదలిక. పడవకు చుక్కాని ఎలాగో గద్దకు తోక అలాగ. ఊరికే ఉండదు. ఒకసారి ఎడమకు వాలుతుంది, ఒకసారి కుడికి. ఒంట్లో ఇంకేదీ కదలకపోయినా తోక మాత్రం మెలి తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత రెక్కలు. మధ్యలో, మనకు మణికట్టు ఉండే చోట, వంగి వెనక్కి తిరిగి ఉంటాయి. ఎదురుగా వస్తున్నప్పుడు చూస్తే పూర్తిగా తిన్నగా ఉండవు, కాస్త విల్లులా కనిపిస్తాయి. రెక్క అడుగున, కొసల ఈకలు మొదలయ్యే చోట, లేత రంగు మచ్చ ఉంటుంది. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే పెద్ద గద్దల్లో ఆ మచ్చ ఇంకా పెద్దది, ఇంకా తెల్లనిది. రెక్క కొట్టడంలో తొందర ఉండదు, లోతుగా, మెత్తగా కొడుతుంది. అరుపు సన్నగా మొదలై వణుకుతూ సాగుతుంది. ఇవన్నీ పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకోవాల్సినవి కావు. ఒక్క గద్దను ఎంచుకుని, అది కనుమరుగయ్యేదాకా దాన్నే చూస్తే చాలు. పొద్దున వెలుగు ముందునుంచి పడినప్పుడు ఒకసారి, మధ్యాహ్నం అంతా నల్లగా కనిపించేటప్పుడు ఒకసారి, అది మనవైపు వచ్చేటప్పుడు, దూరంగా వెళ్ళిపోయేటప్పుడు. అప్పుడు గద్ద అనేది ఒక బొమ్మలా మిగలదు. అది చేసే పనులన్నీ కలిసి ఒకే మనిషి నడకలా మనసులో నిలిచిపోతాయి.

ఒక జనవరి ఉదయం అలా గుంపు తిరుగుతుంటే అందులో ఒకటి మిగతావాటితో కలవడం లేదని అనిపించింది. వెంటనే ఎందుకో తెలియలేదు. సైజు దాదాపు గద్దంతే. రంగు చెప్పడానికి వీల్లేదు, సూర్యుడు వాటి వెనక ఉన్నాడు, అన్నీ నల్లగానే ఉన్నాయి. కానీ ఆ ఒక్కదాని తోక కదలడం లేదు. బైనాక్యులర్స్‌తో దాన్నే వెంబడిస్తూ నిలబడితే పక్కనుంచి వెళ్తున్న ఒక పెద్దాయన ఆగారు.

"ఏం కనబడుతుందమ్మా?"

"ఆ గద్దల్లో ఒకటి వేరేగా ఉందండీ."

"అన్నీ గద్దలే గదమ్మా."

"తోకలు చూడండి అంకుల్. ఒక్కోదాని తోక."

ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు, "కిందికెల్లి రెండోది. అది తోక తిప్పుతలేదు. మెడ గూడ పొడుగున్నది."

ఆయన చేతిలో బైనాక్యులర్స్ లేవు. పక్షుల పుస్తకం ఎప్పుడూ తెరిచి ఉండకపోవచ్చు. ఆయనకు ఉన్నదల్లా దాని చుట్టూ తిరుగుతున్న గద్దలు. అదే పక్షి ఒంటరిగా ఉంటే ఆయన దాన్ని గద్దే అనుకునేవారు. మనలో ఎవరికైనా అంతే. ఖాళీ ఆకాశంలో ఒక్క పక్షిని చూసి పెద్దదో చిన్నదో కూడా చెప్పలేం, ఎందుకంటే పోల్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పక్కన గద్ద ఉంటే, పోనీ దాన్ని తరుముతూ ఒక కాకి వచ్చినా, కొలత దొరుకుతుంది. పక్కన ఏదీ లేని రోజున మనం మనసులో మోసుకొచ్చిన గద్దే ఆ పని చెయ్యాలి. రోజూ చూడమని నేను ఇంతగా పట్టుపట్టేది అందుకే.

ఆ పక్షి తేనె గద్ద. ఒంటికి తల చిన్నది, పావురం తలలా సన్నగా, మెడ ముందుకు సాగి ఉంటుంది. సుడి తిరిగేటప్పుడు రెక్కలు బల్లపరుపుగా చాపి ఉంచుతుంది. తోక పొడవు, అంచు గుండ్రం. అది ఒక పక్కకు ఒరిగినప్పుడు వెలుగు పడి తోక మీద రెండు వెడల్పాటి నల్లపట్టీలు, వాటి మధ్య లేత రంగు కనిపించాయి. పెద్ద మగపక్షికి ఉండే గుర్తు అది. ఇందులో ఒంటి రంగు గురించి ఒక్క మాట కూడా లేదని గమనించండి. తేనె గద్దల్లో రంగుకు అంతూ పొంతూ ఉండదు. దాదాపు తెల్లనివి, ఇటుక రంగువి, చాక్లెట్ రంగువి, ఛాతీ మీద చారలున్నవి, లేనివి, అన్నీ ఒకే జాతి. రంగును పట్టుకుని మొదలుపెట్టినవాళ్ళు ఇందులో దారి తప్పుతారు. ఆకారాన్ని, కదలికను పట్టుకున్నవాళ్ళు రంగు కనిపించకపోయినా దారి తప్పరు.

దానికి నగరంలో ఏం పని అని ఆ పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. మన అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద, నీళ్ళ ట్యాంకుల కింద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి కదా, వాటికోసం. పేరులో తేనె ఉన్నా దాని ముఖ్యమైన ఆహారం పట్టులోని పురుగులు, అంటే తేనెటీగల పిల్లలు. కందిరీగల గూళ్ళనూ వదలదు. ముఖం మీద ఈకలు పొలుసుల్లా దట్టంగా ఉండి కాట్ల నుంచి కాపాడతాయి. మన దగ్గరే ఉండిపోయేవి కొన్ని, చలికాలంలో ఉత్తరాసియా నుంచి వచ్చేవి కొన్ని. జపాన్‌లో గూళ్ళు పెట్టేవి చైనా మీదుగా ఆగ్నేయాసియా దాకా వెళ్తాయని వాటికి ట్రాన్స్‌మిటర్లు కట్టి, ఉపగ్రహాల ద్వారా వెంబడించి తెలుసుకున్నారు. అంత దూరాలు తిరిగే జాతి ఒకటి మన ఇళ్ళమీద తిరుగుతుంటే మనం ఫోన్‌లో మరకను జూమ్ చేస్తూ ఉండటం నాకు నష్టంగానే కనిపిస్తుంది.

ఫొటో ఉంటే ఇవన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు కదా అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. కొన్ని విషయాలు ఫొటోలోనే తేలుతాయి. రెక్క కొసన విడివిడిగా కనిపించే ఈకలను మనవాళ్ళు వేళ్ళు అంటారు. మన తేనె గద్దకు ఆరు వేళ్ళు, యూరప్ తేనె గద్దకు ఐదు. ఆ తేడాను ఎగిరే పక్షిలో కంటితో లెక్కపెట్టడం చాలా కష్టం, మంచి ఫొటోలో అయితే క్షణం పట్టదు. అరుదైన పక్షిని చూశామని చెప్పేటప్పుడు ఆధారం చూపించడం బాధ్యత కూడా. నా అభ్యంతరం ఫొటోను మొదట పెట్టడం మీద. ఫొటో అనేది సెకనులో వెయ్యో వంతు. గద్ద తోక పూర్తిగా విప్పిన ఆ ఒక్క క్షణమే అందులో పడితే అది చీలిక లేని తోక ఉన్న పక్షి. రెక్క కిందికి కొట్టిన క్షణం పడితే విల్లులాంటి వంపు ఉండదు. తోక మెలి తిరగడం, రెక్క కొట్టే లయ, ఎంతసేపు కొట్టి ఎంతసేపు తేలింది, ఇవి ఏ ఒక్క ఫొటోలోనూ ఉండవు. ఎగరడం అనేదాన్ని తీసేసి ఎగిరే పక్షిని గుర్తుపట్టమంటున్నాం.

యాప్‌ల సంగతీ అంతే. మెర్లిన్ లాంటివి ఫొటో ఇస్తే, ఆ చోటా తేదీ కలిపి చూసి పేరు సూచిస్తాయి. కొమ్మమీద కూర్చున్న పక్షి విషయంలో బాగా పనిచేస్తాయి, కొత్తవాళ్ళను ఈ లోకంలోకి తీసుకొచ్చినందుకు వాటిమీద నాకు గౌరవం ఉంది. కానీ వాటికి మనం ఇవ్వగలిగింది కూడా ఆ మరకే. మనం చూడనిది యాప్‌కు ఎక్కడినుంచి వస్తుంది?

పల్లెల్లో కోళ్ళు పెంచిన ఆడవాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. మా అమ్మమ్మ పెరట్లో కూర్చుని, పైన ఏదైనా తిరుగుతుంటే తల కాస్త పక్కకు తిప్పి చూసేది. గద్ద అయితే ఓ కన్నేసి ఉంచి పని చేసుకునేది. డేగ అయితే పని వదిలేసి లేచేది. రెండింటి రంగు ఏమిటని అడిగితే ఆమె చెప్పలేకపోయేదేమో. డేగ గుండ్రటి పొట్టి రెక్కలను చకచకా నాలుగుసార్లు కొట్టి, కొంత దూరం జారి, మళ్ళీ కొడుతుంది. చెట్ల మధ్యనుంచి అడుగెత్తులో దూసుకొస్తుంది. కోడిపిల్లను తన్నుకుపోయాక పేరు తెలిసి లాభం లేదు కాబట్టి, ఆ ఎగురుడును బట్టే ఆమె నిర్ణయించుకునేది. కోడిపెట్ట కూడా అంతే, ఆకాశంలోంచి వచ్చే ప్రమాదానికి ఒక అరుపు, నేలమీద పిల్లికో కుక్కకో ఇంకో అరుపు.

ఈ విషయంలో ఒక పాత ప్రయోగం నాకు చాలా ఇష్టం. 1937లో కోన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బర్గెన్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్తలు ఒక అట్ట ఆకారాన్ని పెంపుడు పక్షుల పిల్లల మీదుగా తీగపై జరిపారు. ఒకవైపు జరిపితే పొట్టి మెడ, పొడుగు తోక ఉన్న వేటపక్షిలా కనిపిస్తుంది. రెండోవైపు జరిపితే అదే అట్ట పొడుగు మెడ బాతులా కనిపిస్తుంది. వేటపక్షిలా వెళ్ళినప్పుడు పిల్లలు భయపడ్డాయి. పుట్టుకతోనే వాటికి ఆ ఆకారం తెలుసని చాలాకాలం అనుకున్నారు. 1960ల మొదట్లో వుల్ఫ్‌గాంగ్ ష్లైట్ టర్కీ కోళ్ళతో జాగ్రత్తగా చేసి చూస్తే వేరే సంగతి బయటపడింది. తరచుగా తలమీదుగా వెళ్ళే ఆకారానికి అవి అలవాటు పడుతున్నాయి, అరుదుగా వచ్చేదానికి బెదురుతున్నాయి. అంటే వాటికి తెలిసింది మామూలు ఆకారం. మామూలు కానిదాన్ని అవి పట్టుకుంటున్నది ఆ తెలివితోనే. నేను గద్ద గురించి చెప్తున్నది సరిగ్గా ఇదే, కాకపోతే మనం కావాలని అలవాటు చేసుకోవాలి.

గద్ద మనసులో కూర్చున్నాక మిగతావి ఒక్కో తేడాతో దొరుకుతాయి. గద్దలాగే ఉండి తోక చివర గుండ్రంగా, రెక్క కాస్త పొట్టిగా ఉంటే పిల్ల గరుడ పక్షి అయ్యుండొచ్చు. పెద్దదైతే తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్ళు చూసి ఎవరైనా చెప్తారు. గద్దంతే ఉండి తోక చీలకుండా, ఎదురుగా వచ్చేటప్పుడు మెడకు రెండు పక్కలా రెక్క మొదట్లో రెండు తెల్ల చుక్కలు దీపాల్లా మెరిస్తే, చలికాలపు అతిథి ఉడతల గద్ద. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడితే, పెద్దదీ లేత రంగుదీ అయితే పాముల గద్ద, చిన్నదీ తెల్లదీ అయితే అడవి రామదాసు. సూది రెక్కలతో, గద్దలు ఒక సుడి తిరిగేలోపు ఆకాశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళిపోతే బైరి. డేగలా ఎగిరి వచ్చి కొమ్మమీద వాలిందనుకోండి, అప్పుడు కూడా తొందరపడొద్దు. పపీహా అనే కోకిల జాతి పక్షి రంగులోనూ ఎగరడంలోనూ డేగను పోలి ఉంటుంది, చిన్న పిట్టలే దాన్ని చూసి గోల చేస్తాయి.

ఎత్తున సుడి తిరిగేవన్నీ వేటపక్షులు కావు. నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు చెరువు నుంచి చెరువుకు వెళ్తూ ఇదే గాలిలో లేస్తాయి, మెడ తిన్నగా ముందుకు చాపి, కాళ్ళు వెనక్కి వేలాడేసి. మామూలు తెల్లకొంగలు మెడ మడుచుకుని ఎగురుతాయి. గూడబాతు కూడా మడుచుకుంటుంది, కానీ దాని రెక్కల వెడల్పు ముందు గద్ద చిన్నపిల్లలా కనిపిస్తుంది. ఇక్కడ కూడా కొలత గద్దే.

ఇంత చేసినా చాలా పక్షులకు పేరు దొరకదు. మబ్బు అడ్డొస్తుంది, చెట్టు అడ్డొస్తుంది, పక్షి దూరమైపోతుంది. అప్పుడు పేరు పెట్టకుండా వదిలెయ్యడం పక్షులు చూసేవాళ్ళకు ఉండాల్సిన ముఖ్యమైన అలవాటని నేను గట్టిగా నమ్ముతాను. చూసిన పక్షులను ఎవరైనా నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాతి తేలని వేటపక్షి అని రాసుకునే వీలుంది. చాలామంది దాన్ని ఓటమిలా చూసి, ఏదో ఒక పేరు వేసేస్తారు. ఆ రాతలు మన దగ్గరే ఆగిపోవు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను అంచనా వేసింది. దానికి ఆధారం మనలాంటి సుమారు 30,000 మంది నమోదు చేసిన మూడు కోట్ల రికార్డులు. వేటపక్షులు తగ్గుతున్నాయని ఆ నివేదిక హెచ్చరించింది. తగ్గుతున్నవాటిని ఊహించి రాస్తే, లేనివి ఉన్నట్టు లెక్కలోకి వస్తాయి. ఆ జనవరి పక్షి విషయంలో జాతి రాశాను, స్థానికమా వలసా అన్నది రాయలేదు. స్థానిక రకానికి తల వెనక జుట్టు కాస్త స్పష్టంగా ఉంటుంది, అది సుడి తిరిగే పక్షిలో కనిపించేది కాదు.

మామూలు పక్షిని లెక్కపెట్టడం ఎందుకు అనేవాళ్ళకు రాబందుల సంగతి గుర్తుచేస్తాను. ఒకప్పుడు మన ఊళ్ళ మీద గద్దలంత మామూలుగా తిరిగిన పక్షి అది. 1990ల్లో కళ్ళముందే కూలిపోయింది, మూడు జాతుల్లో 95 శాతానికి పైగా పోయాయి. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పార్కులో పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1980ల నుంచే రాబందులను, వాటి గూళ్ళను లెక్కపెట్టి ఉంచారు కాబట్టి, ఆ పతనాన్ని అంకెలతో చూపించగలిగారు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో ఆ వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. అన్నిచోట్లా ఉన్న పక్షిని, ఎవరికీ పట్టని రోజుల్లో, ఒక మనిషి కూర్చుని లెక్కపెట్టడం వల్ల దొరికిన ఆధారం అది.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షులను లెక్కపెడతారు, మన దగ్గర కూడా పార్కుల్లో, కాలేజీల్లో బృందాలు తిరుగుతాయి. ఆ జాబితాల్లో గద్ద ఎదురుగా తరచుగా అంకెకు బదులు ఎక్స్ అని ఉంటుంది. ఉంది, లెక్కపెట్టలేదు అని దాని అర్థం. ఈసారి వచ్చేవాళ్ళు అక్కడ అంకె వెయ్యండి. లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. పది గంటలకు గుంపు లేచేదాకా ఆగి, ఒక చూపులో కలిపి ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టి, అన్నిటికంటే పెద్ద అంకెను రాయండి, పక్కన టైమ్ రాయండి. లెక్క కోసం ఒక్కోదాన్నీ చూడక తప్పదు. చూస్తున్నప్పుడే తోకలు కూడా చూడండి.